పంతొమ్మిది వరుసలు

ఒపువో ఊరి చివర, డీజిల్ బంకు వెనక నా రేకుల షెడ్డు.
అక్టోబరు ఎండ ఇక్కడ అడిగి రాదు.
రేకుల మీద పడి, కింద ఉన్నవాణ్ణి కూడా
రేకులాగే మోగిస్తుంది.
ఆ మధ్యాహ్నం నర్సు ఉయెరికువా బండి దిగి
తలుపైనా వేయకుండా అంది:
"కనుమ ఎక్కేసరికి ఆయిల్ ముల్లు పడిపోతోంది."

ఆమెకన్నా రెండేళ్లు పెద్దది ఆ లాండ్ క్రూజర్.
ఆస్పత్రి తుక్కు కింద రాసేస్తే
జీతంలో కోయించుకుని కొనుక్కుంది.
వెనక సీటు పీకి ఐసు పెట్టె బిగించింది.
పెట్టెలో, కొండ మీది పిల్లల టీకాలు.
వెనక అంత చలి. ముందు ఈ జ్వరం.

ముల్లు అబద్ధమాడుతోందన్నాను.
ముప్పై ఏళ్లుగా ఇవే ఇంజన్లు విప్పుతున్నవాణ్ణి,
ఇంకేమంటాను?
ఆమె డిప్‌స్టిక్ లాగి గుడ్డ మీద ఆనించింది.
చారు మీది తేటలా పరిగెత్తింది నూనె.
వేడెక్కిపోయిన నూనె అంతే:
ఉంటుంది గానీ, అంటిపెట్టుకోదు.

తొమ్మిదో రోజున పార్సిలు వచ్చింది,
వాల్విస్ బే నుంచి, బస్సులో, మేకల పక్కన.
అల్యూమినియం పలక, పంతొమ్మిది వరుసలు.
రెండు గొట్టాలు. ఫిల్టరుకీ ఇంజనుకీ నడుమ ఇరికే బిళ్ల.
బిళ్ల కడుపులో బఠాణీ అంత థర్మోస్టాట్.
ఒక మూల మాత్రం దారిలో నలిగి
సన్నరేకులన్నీ పడుకుండిపోయాయి.
బస్సువాణ్ణి తిట్టాను, మేకల్ని తిట్టాను.
నా కూతురు వేజెపి ఏమీ అనలేదు.
తలలోంచి దువ్వెన తీసి
ఒక్కొక్క రేకునే లేపుతూ కూర్చుంది,
పేలు చూసేటంత ఓపికగా.

గ్రిల్ వెనక, రేడియేటరు ముందు
నాలుగు వేళ్ల ఖాళీ దొరికింది.
పాత గేటు ముక్క కోసి బ్రాకెట్టు చేశాను.
గొట్టం ఛాసిస్ అంచుకి రాసుకునే చోట
సైకిల్ ట్యూబు చీల్చి చుట్టాను.
రాపిడి ఎక్కడో, కారడం అక్కడే.
ఈ సంగతి బళ్ల దగ్గర తెలిసింది గానీ
ఇంట్లో పనికి రాలేదు.
వేజెపి తల్లి వెళ్లి ఆరేళ్లు.

స్టార్ట్ చేశాం.
బాగా వేడెక్కేదాకా తిరగనిచ్చాం.
చుక్క కారలేదు. నేను మీసం మీద చెయ్యి వేశాను.
ఇంజను ఆపి, కాసేపు ఆగి, వేజెపి డిప్‌స్టిక్ తీసి
నా ముక్కు కింద పెట్టింది.
నూనె కింది గీతకీ కిందే.
కొత్త పలక తన వంతు తాగేసింది.
ముక్కాలు లీటరు పోశాను, తలెత్తకుండా.

గురువారం కనుమ.
ఫస్టు గేరు, లో రేంజి, టైరు కింద నలుగుతున్న రాయి.
ఉయెరికువా దారి చూసింది. నేను ముల్లు చూశాను.
కొంచెం ఒంగింది,
కర్ర ఆనుకుని ఆగిన ముసలాడిలా
అక్కడే నిలబడింది.
పైన మోపానె చెట్ల నీడలో
ముగ్గురు తల్లులు, ఐదుగురు పిల్లలు.
వాళ్లకి ఈ ముల్లు సంగతి తెలియదు,
ఆ సూది సంగతే తెలుసు. ఏడుపు లంకించుకున్నారు.

రాత్రి అక్కడే పడుకున్నాం.
తెల్లారి చలిలో ఆమె ఇంజను తిప్పింది.
గ్రిల్‌లోంచి చెయ్యి దూర్చి పలకని ముట్టుకున్నాను.
మంచులా ఉంది.
లోపల బఠాణీ ఇంకా తలుపు తియ్యలేదు.
వేడి రానిదే చల్లబరచడం దానికి చేతకాదు.
నాకేమో, వేడి వచ్చాకే చేతకాదు.

దిగేటప్పుడు గమనించాను,
వేజెపి దువ్వెనకి రెండు పళ్లు లేవు.
కొత్తది కొంటానన్నాను.
"ఇదే ఉండనీ," అంది, కిటికీలోంచి రాళ్లు చూస్తూ,
"మళ్లీ నలగవా ఏంటి?"